కాగితం ఉంటే కళ, లేకుంటే కాయ

కొల్లూరులో అంతర్జాతీయ సమకాలీన కళా సంత పెట్టి తీరాలని మేం కొందరం కూర్చుని తీర్మానం చేశాం. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. రేపు ప్రారంభం నాడు వీఐపీ కార్డు కావాలని ఫోన్లు చేస్తే మాత్రం ఎత్తం.

ముందుగా ఒక సంగతి తేల్చాలి. కొల్లూరు పేరు చెప్పగానే హైదరాబాదు వాళ్ళూ అమెరికా వాళ్ళూ "ఓహో, కోహినూరు దొరికిన ఊరా!" అని కళ్ళింత చేస్తారు. కాదండీ. ఆ కొల్లూరు పల్నాడుది. పదిహేడో శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు అక్కడికొచ్చి, అరవై వేల మంది గనుల్లో పనిచేస్తున్నారని రాసుకుపోయాడు. కోహినూరు అక్కడిదే అంటారు, ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉన్న హోప్ వజ్రమూ అక్కడిదే అంటారు. రాళ్ళు సముద్రాలు దాటాయి. తవ్వినవాడి పేరు ఒక్కటంటే ఒక్కటి ఏ కాగితం మీదా లేదు. చివరికి ఆ గనులు పులిచింతల నీళ్ళ కింద పడుకున్నాయి. మాది దిగువ కొల్లూరు. తెనాలికీ రేపల్లెకీ నడుమ, మొన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మా దగ్గర వజ్రాలు లేవు, లంకల నిండా అరటి తోటలున్నాయి.

అయితే ఏం? వజ్రం కంటే అరటిపండే మేలని న్యూయార్కు వాళ్ళు 2024లో తేల్చేశారు. అదెట్లాగో చెబుతాను.

ఆ ఏడాది సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైచిలుకు నీళ్ళు దిగువకొచ్చాయి. బ్యారేజీ కట్టిన తర్వాత అంత వరద ఎవరూ చూళ్ళేదు. పెసర్లంక, చింతర్లంక, పోతర్లంక, గాజుల్లంక, జువ్వలపాలెం, అన్నీ నీళ్ళలోనే. అరటిచెట్టు గాలికి పడిపోతుంది, నీటికి కుళ్ళిపోతుంది. గెలేసిన చెట్టు నాలుగు రోజులు నీళ్ళలో నిలబడిందంటే దుంప మెత్తబడుతుంది, ఆకు పచ్చదనం పోయి వేలాడుతుంది, గెల చెట్టు మీదే నల్లబడుతుంది. పిలక నాటిన దగ్గర్నుంచి పది పన్నెండు నెలల కష్టం. పోనీ పనికొచ్చే నాలుగు గెలలైనా కోసి ఒడ్డుకి చేరుద్దామంటే పడవ కావాలి. పడవవాడి బాడుగ గెల ఖరీదుని మించిపోతుంది. తీరా ఒడ్డుకి చేరిస్తే వ్యాపారి కాయని తిప్పి చూసి, "మచ్చ పడింది బాబాయ్, ఇది కూరకే" అంటాడు.

నీళ్ళు తీశాక లంకలో రైతులు కుళ్ళిన బోదెలు నరికి గట్టుకి ఈడ్చుకుంటున్న రోజులవి. 2024 నవంబరు 20న న్యూయార్కులో సోథబీస్ వేలంపాటలో ఒక అరటిపండు 62 లక్షల డాలర్లకి పోయింది. మన డబ్బులో 52 కోట్ల పైమాట. గెల కాదు. అత్తం కూడా కాదు. ఒకే ఒక్క పండు, గోడకి వెండిరంగు టేపుతో అడ్డంగా అంటించింది. పాట ఎనిమిది లక్షల డాలర్ల దగ్గర మొదలై అక్కడిదాకా పాకింది. దక్కించుకున్న ఆసామి జస్టిన్ సన్ అనే క్రిప్టో వ్యాపారి. తొమ్మిది రోజులకి హాంకాంగ్‌లో ఓ హోటల్లో విలేఖరులందర్నీ పిలిచి, వాళ్ళ ఎదుట తొక్క తీసి తినేశాడు. మామూలు పళ్ళకంటే చాలా బాగుందని సెలవిచ్చాడు. 52 కోట్లు పెట్టి తిన్నవాడు బాగాలేదని ఎట్లా అంటాడు లెండి.

ఆ పండు ఏ తోటదో ఎవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు. వేలంశాల పక్క వీధిలో పండ్ల బండి దగ్గర పొద్దున 35 సెంట్లకి కొన్నారు. మన లెక్కలో ముప్పై రూపాయల లోపు. ఆ బండి దగ్గర నిలబడి అమ్మింది బంగ్లాదేశ్ నుంచి వలసపోయిన డెబ్బై దాటిన ముసలాయన. బండి కూడా ఆయనది కాదు, గంటల లెక్కన కూలికి నిలబడతాడు. విలేఖరులు వెళ్ళి, నువ్వమ్మిన పండు ఇంతకి పోయిందయ్యా అని చెబితే ఏడ్చాడట. ఆ సంగతి తెలిసి కొన్న మహారాజు మనసు కరిగి, ఆ బండి మీదే లక్ష పళ్ళు కొంటానని ప్రకటించాడు. దానం కూడా టోకు బేరమే. లాభం వస్తే బండి యజమానికి వస్తుంది గానీ నిలబడినవాడికి రాదనే సంగతి ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఈ పండు పుట్టింది వేలంలో కాదు, సంతలో. 2019 డిసెంబరులో మయామీ బీచ్‌లో జరిగిన ఆర్ట్ బాసెల్ సంతలో పెరోటిన్ గ్యాలరీ వాళ్ళ స్టాలు గోడ మీద ఇటలీ కళాకారుడు మౌరీజియో కాటెలాన్ దాన్ని అంటించాడు. పేరు 'కమీడియన్'. ధర లక్షా ఇరవై వేల డాలర్లు. ఒకటికి మూడు ప్రతులు అమ్మకానికి పెడితే గిరాకీ చూసి మూడోదాని రేటు లక్షన్నరకి ఎక్కించారు. ఈలోగా డేవిడ్ డటూనా అనే ఇంకో కళాకారుడు జనంలోంచి వచ్చి, పండు పీక్కుని తిని, ఇది నా కళ అన్నాడు. గ్యాలరీవాళ్ళు గోల పెట్టారా? లేదు. ఇంకో పండు తెచ్చి అంటించారు. 2023లో సియోల్ మ్యూజియంలో ఒక విద్యార్థి ఆకలేసిందని అదే పని చేశాడు. అక్కడా అంతే, ఇంకో పండు.

మీకు అనుమానం రావాలి. పండు తిన్నా పోని ఆస్తి ఏమిటది? కాగితం. కొన్నవాడికి పండు ఇవ్వరు, టేపు ఇవ్వరు, గోడ అంతకన్నా ఇవ్వరు. ఒక ధ్రువపత్రం ఇస్తారు, దాంతోపాటు పద్నాలుగు పేజీల నియమావళి. పండుని నేల నుంచి 175 సెంటీమీటర్ల ఎత్తున, అంటే అయిదడుగుల తొమ్మిదంగుళాల దగ్గర అంటించాలి. వారం పది రోజులకోసారి కొత్త పండు మార్చాలి. టేపు ఎట్లా వెయ్యాలో కూడా అందులో ఉంటుంది. ఆ కాగితం మీ బీరువాలో ఉంటే మీరు రైతుబజారులో కొని అంటించిన పండు కళ. కాగితం లేకుండా అదే పండుని అదే గోడకి అదే ఎత్తున అంటిస్తే, ఇంట్లో ఆడవాళ్ళు, "గోడంతా జిగురు చేశావు, ఏం పోయేకాలం నీకు" అంటారు.

ఇక్కడే మా లంక రైతుకి ఒక సంగతి చటుక్కున అర్థమైంది. వాడికి కాగితం సంగతి ప్రపంచంలో ఎవరూ నేర్పక్కర్లేదు. లంకలో అరటి వేసేవాళ్ళలో చాలామంది కౌలుదారులు. కౌలంతా నోటిమాట మీద. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టమని తెచ్చి కార్డులిస్తామన్నారు, సంతోషం. ఆ కార్డు రావాలంటే భూమిగలాయన సంతకం పెట్టాలి. ఆయన పెట్టడు. "ఇవ్వాళ సంతకం పెడితే రేపు పొలం నాదంటావేమోరా" అంటాడు. కార్డు లేకపోతే పంట పోయినట్టు లెక్క రాయరు. లెక్క రాయకపోతే పరిహారం రాదు. వచ్చినా పట్టాదారు ఖాతాలో పడుతుంది. అంటే వెయ్యి గెలలు కళ్ళెదుట కుళ్ళినా, కాగితం లేదు కాబట్టి అక్కడ తోట లేదు. న్యూయార్కులో పండు కడుపులోకి పోయినా, కాగితం ఉంది కాబట్టి అక్కడ పండు ఉంది. రెవెన్యూ వాళ్ళనీ గ్యాలరీ వాళ్ళనీ వేర్వేరు జాతులని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఒకే గురుకులం.

ఈ కాగితపు విద్యకి ఒక చరిత్ర ఉంది. అది కొంచెం చెప్పుకోవాలి, మేం పెట్టబోయే సంతకి పెద్దల దీవెన అవసరం గదా.

వెనిస్‌లో 1895లో రెండేళ్ళకోసారి జరిగే ఘనమైన ప్రదర్శన మొదలెట్టారు. పేరుకి ప్రదర్శన, లోపల అమ్మకాలకో ఆఫీసు, ఆ ఆఫీసుకో కమీషను. 1968లో కుర్రకారు వీధుల్లోకొచ్చి కళని అంగడి సరుకు చేస్తారా అని నిలదీస్తే ఆ ఆఫీసు మూసేశారు. ఒక అంగడి మూస్తే వ్యాపారి ఇంటికి పోతాడా? అంతకు ముందేడే, 1967లో, జర్మనీలో కొలోన్ పట్నంలో హైన్ స్టుంకే, రుడాల్ఫ్ స్విర్నర్ అనే గ్యాలరీ ఆసాములు పద్దెనిమిది దుకాణాలతో ఒక సంత తెరిచి ఉంచారు. సమకాలీన కళా సంతలన్నిటికీ అదే తల్లివేరు. కాకపోతే అందులో తమ సంఘం వాళ్ళకే చోటు, బయటివాళ్ళు గుమ్మం దగ్గరే ఆగాలి. అది చూసి పొరుగున స్విట్జర్లాండులో బాసెల్ ఊరి వర్తకులు ముగ్గురు, ఎర్నస్ట్ బయలర్, ట్రూడల్ బ్రుక్నర్, బాల్ట్స్ హిల్ట్ అనే వాళ్ళు, మా దగ్గర ఆ మడీ తడీ లేదు రమ్మన్నారు. 1970లో పది దేశాల నుంచి 90 గ్యాలరీలు వచ్చాయి, 16,300 మంది జనం వచ్చారు. ఇవ్వాళ ఆ ఒక్క ఊళ్ళోనే దాదాపు 290 గ్యాలరీలు సరుకు దించుతున్నాయి.

స్విట్జర్లాండు వాళ్ళకి చాలలేదు. మయామీకి 2001లోనే రావాల్సింది, సెప్టెంబరు 11 దాడులతో ఒక ఏడాది ఆగి 2002లో దిగారు. హాంకాంగ్‌కి 2013లో. ప్యారిస్‌లో 1974 నుంచీ ఫియాక్ అనే స్థానిక సంత ఉండేది. దాని హాలునీ, దాని తేదీల్నీ పాడుకుని 2022లో అక్కడా గుడారం వేశారు. 2026 ఫిబ్రవరిలో ఖతార్‌లోని దోహా. ఎక్కడ డబ్బు పోగుపడితే అక్కడి జనానికి ఉన్నట్టుండి కళాదాహం పుడుతుంది, అదేం జబ్బో. లండన్‌లో 2003లో పుట్టిన ఫ్రీజ్ సంత కూడా ఊరుకోలేదు, అమెరికాలో పాతుకుపోయిన సంతల్ని రెండింటిని 2023లో కొనేసింది. సంతలే సంతల్ని కొనుక్కుంటున్న కాలం. ప్యారిస్ దాకా వచ్చినవాళ్ళకి ఆంధ్రా ప్యారిస్ ఎంత దూరం? తెనాలి స్టేషన్‌లో దిగితే మా ఊరికి ఆటో ఉంది.

ఈ సంతల లోపలి తంతు కూడా చూడండి. స్టాలు అద్దె చదరపు మీటర్ల లెక్క. అమ్మిన బొమ్మ మీద గ్యాలరీకి సగం, గీసినవాడికి సగం. మా దళారికి రూపాయికి అర్ధ రూపాయి కమీషనంటే యార్డు ముందు లారీలు తగలబడతాయి. అక్కడ దాన్ని ఆనవాయితీ అంటారు. జనానికి టిక్కెట్టు పెట్టి గేటు తెరిచేది ఎప్పుడనుకున్నారు? వీఐపీలు ఒకటి రెండు రోజులు ముందే వచ్చి ఏరుకున్నాక. వీఐపీల్లో మళ్ళీ మెట్లున్నాయి, పొద్దున వచ్చే వీఐపీ, మధ్యాహ్నం వచ్చే వీఐపీ, సాయంత్రం వైను తాగడానికి మాత్రం వచ్చే వీఐపీ. మూడో రోజున పిల్లల్ని వెంటేసుకుని వచ్చిన మామూలు మనిషికి మిగిలేది అమ్ముడుపోయాయని ఎర్రచుక్కలు అంటించిన గోడలు. డబ్బుంది, నేనూ కొంటానంటే అమ్మరు. "మీరెవరు? మీ ఇంట్లో ఇంతకు ముందు ఎవరెవరి బొమ్మలున్నాయి?" అని ఆరా తీస్తారు. పెళ్ళిచూపుల్లో పిల్లతరఫువాళ్ళు కూడా ఇప్పుడంత గట్టిగా అడగడం లేదు.

కొన్న బొమ్మ ఇంటికి పోతుందనుకుంటున్నారా? చాలా సరుకు జెనీవా లాంటి చోట్ల పన్నులు పడని గిడ్డంగులకి పోతుంది. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి టిక్కీలు కదలకుండా పడి ఉంటే బయట బాండు పేపర్లు చేతులు మారుతుంటాయే, అచ్చం అట్లాగే అక్కడ పికాసోలు చీకట్లో పడి ఉంటారు, కాగితాలు తిరుగుతుంటాయి. మన మిర్చి అంతకంటే నయం, ఎప్పటికో ఒకప్పటికి ఏదో ఒక ఇంట్లో పచ్చడవుతుంది.

మనదేశం వెనకబడింది అనుకోకండి. 2008లో ఢిల్లీ ప్రగతి మైదానంలో నేహా కిర్పాల్ అనే ఆమె 34 గ్యాలరీలతో ఇండియా ఆర్ట్ సమ్మిట్ మొదలెట్టింది. సాహసమే, ఒప్పుకోవాలి. ఆ ఏడాదే ప్రపంచమంతా డబ్బు ఆవిరైంది. 2011లో విదేశీ సంతల ఆసాములు వాటా కొన్నారు. 2012లో పేరు ఇండియా ఆర్ట్ ఫెయిర్ అయింది, మకాం ఓఖ్లా మైదానానికి మారింది. 2016లో బాసెల్ సంత యజమానులైన ఎంసీహెచ్ వాళ్ళు వచ్చి 60 శాతం పైగా కొన్నారు. అబ్బో, ఇక మన కళకి మంచిరోజులని పత్రికలు రాశాయి. రెండేళ్ళు తిరిగేసరికి, 2018లో, వాళ్ళు మూట సర్దుకున్నారు. 2019 నుంచి ఆంగస్ మాంట్‌గోమరీ అనే బ్రిటిష్ కంపెనీ చేతిలో ఉంది. 2025లో 120 మంది ప్రదర్శకులొచ్చారు. పేరులో ఇండియా, ప్రాంగణం ఢిల్లీ, కాగితం లండన్‌ది.

అసలు కథ ఇది కాదు. ఆ మొదటి సమ్మిట్‌లో భారతీయ కళ గొప్పతనాన్ని లోకానికి చాటుతామన్నవాళ్ళు ఎం.ఎఫ్. హుస్సేన్ బొమ్మ ఒక్కటి కూడా పెట్టలేదు. బెదిరింపులు. మరుసటి ఏడూ అంతే. 2011లో ధైర్యం చేసి పెట్టారు, ఫోన్లు రాగానే గోడ మీంచి దింపారు, మళ్ళీ నలుగురూ తిట్టేసరికి పోలీసుల్ని నిలబెట్టి ఎక్కించారు. ఆ వేసవిలోనే ఆ ముసలాయన లండన్‌లో పోయాడు, అప్పటికి ఖతార్ పౌరుడు. మన హైదరాబాదులో బద్రీవిశాల్ పిత్తీ ఇంట్లో కూర్చుని రామాయణాన్ని కాన్వాసులకెక్కించినవాడు, ఆ నగరంలో సినిమా ఘర్ కట్టినవాడు. ఇక 2025 మార్చిలో ఆయన 1954లో వేసిన 'గ్రామ యాత్ర' న్యూయార్కులో క్రిస్టీస్ వేలంలో కోటీ ముప్పై ఎనిమిది లక్షల డాలర్లకి, అంటే 118 కోట్ల రూపాయలకి పోయింది. పద్నాలుగడుగుల పొడుగున పల్లెటూరి బతుకు. ఎడ్లబండి, తిరగలి, పిల్లతల్లి. దశాబ్దాల తరబడి ఆ బొమ్మ ఓస్లోలో ఒక ఆసుపత్రి వాళ్ళ దగ్గర పడి ఉంది. మనిషి ఉన్నప్పుడు ఆయన బొమ్మ గోడ మీద ఉంటే అద్దాలు పగిలేవి. పోయాక కొన్నవాళ్ళకి చప్పట్లు. చప్పట్లు కొట్టినవాళ్ళలో అప్పటి అద్దాలవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో పోల్చుకోవడం కష్టం, అందరూ మంచి బట్టల్లోనే ఉన్నారు.

కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారు పల్లె ఆడవాళ్ళని కాన్వాసు మీద కూర్చోబెట్టారు. నల్లటి ఒళ్ళు, ఇంతలేసి బొట్లు, కంటికి కొట్టే ఎర్ర చీరలు. గొప్ప పని, అందులో వేళాకోళం లేదు. ఆ బొమ్మ లేని డ్రాయింగ్‌రూము జూబ్లీహిల్స్‌లో ఇప్పుడు డ్రాయింగ్‌రూము కింద లెక్కకు రాదు. సోఫా వెనక గోడ మీద ఆమె మహరాణి. ఆ బొమ్మలోంచి నడిచొచ్చినట్టుండే ఆమె పొద్దున్నే అంట్లు తోమడానికి వస్తే మాత్రం సర్వీసు లిఫ్టు ఎక్కమంటారు. ఏం చేస్తుంది పాపం, ఆమెకి ధ్రువపత్రం లేదు.

మా చుట్టుపక్కల కళ లేదా అంటే, ఉంది. అందుకే ఈ సంత. తెనాలికి దగ్గర్లో తుమ్మపూడిలో సంజీవదేవ్ గారని ఉండేవారు, 1914 నుంచి 1999 దాకా. హిమాలయాలకి పోయి, కులూ లోయలో నికొలస్ రోరిక్ ఇంట్లో ఉండి, తిరిగొచ్చి పొలం గట్ల మధ్య కూర్చుని ప్రపంచంలో ఏ మూల బొమ్మ గురించైనా తెలుగులో, ఇంగ్లీషులో రాసినవాడు. రంగులు కూడా వేసేవాడు. ఆయనకి వీఐపీ కార్డు ఎవరూ ఇవ్వలేదు, ఆయన అడిగిందీ లేదు. పెద్దపెద్దవాళ్ళ ఉత్తరాలు తుమ్మపూడి పోస్టాఫీసుకి వచ్చేవి. అప్పటి మా అంతర్జాతీయ కళా వ్యవహారం మొత్తం ఒక పోస్టుమ్యాన్ సంచిలో పట్టేది.

పొరుగు మండలం భట్టిప్రోలు సంగతి చెబితే కడుపు తరుక్కుపోతుంది. రెండువేల ఏళ్ళ నాటి స్తూపం. పంతొమ్మిదో శతాబ్దంలో దాని ఇటుకలు రోడ్డుకి పోశారు, పాలరాళ్ళు కాలవ పనులకి వాడారు. 1892లో అలెగ్జాండర్ రీ వచ్చి తవ్వితే లోపల ధాతు కరండాలు మూడు దొరికాయి, వాటి మీద లిపికి మా పొరుగూరి పేరే పెట్టారు. మిగతా రాళ్ళ మీద బళ్ళు నడిచాయి. అమరావతి రాళ్ళకి అదృష్టం బాగుంది. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసు తరలించాడు, 1859లో లండన్ ఓడ ఎక్కాయి, అక్కడ కొన్నాళ్ళు గోదాముల్లో మట్టి కొట్టుకున్నాయి. ఇప్పుడు దాదాపు 120 ముక్కలు బ్రిటిష్ మ్యూజియంలో, గాజు తలుపుల వెనక, గాలిలో తడి ఎంతుందో కొలిచే మీటర్ల మధ్య. ఒకే కృష్ణమ్మ ఒడ్డు, ఒకే కాలపు ఉలి. నంబరు వేసిన కాగితం దక్కిన రాయి శిల్పమైంది, దక్కనిది తూము కిందికి పోయింది. మన వాళ్ళు ఏడాదికోసారి అమరావతి రాళ్ళు తిరిగిస్తారా ఇవ్వరా అని ఆవేశపడతారు. ఆవేశపడ్డవాళ్ళలో ఎంతమంది భట్టిప్రోలు దిబ్బ ఎక్కారో అడక్కండి.

ఇక తెనాలి. ఈ రాష్ట్రంలో ఏ నాయకుడు పోయినా ముందు కబురు తెనాలికే వస్తుంది, విగ్రహానికి కొలతలతో సహా. ఫైబరా, కంచా, చెయ్యి ఎత్తి ఉండాలా, నమస్కారమా, కళ్ళజోడు ఉంచాలా. సూర్య శిల్పశాల వాళ్ళయితే పాత బోల్టులు, గేర్లు, సైకిలు గొలుసులు, ఇనప సామాను కొట్లో పడేసిన తుక్కు ఏరి మనుషుల్ని చేస్తారు. 2021లో నరేంద్ర మోదీ గారిని పద్నాలుగడుగుల ఎత్తున తుక్కుతో నిలబెడితే దేశమంతా ఫొటోలు తీసుకుంది. దగ్గరికెళ్ళి చూస్తే ముక్కు ఎక్కడ నట్టు, ఎక్కడ వాషరు తెలుస్తుంది, రెండడుగులు వెనక్కి జరిగితే మనిషి. బాసెల్‌లో ఇట్లాంటి పనికి ఒక పేరుంది, ఆ పేరుకో సిద్ధాంతముంది, సిద్ధాంతానికో రేటుంది. తెనాలిలో కిలో ఎంత పడిందన్నా అని అడుగుతారు.

అంచేత మేం సంత పెడుతున్నాం. నియమాలు కమిటీ ఇట్లా ఖరారు చేసింది. వేదిక దోనేపూడి దాటాక కరకట్ట. పొడుగునా గోడలక్కర్లేదు, కట్టే గోడ. చక్కెరకేళి, కర్పూర, అమృతపాణి, మూడింటికీ మూడు విభాగాలు. కూర అరటి మాత్రం నవ్యధోరణి కింద వస్తుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ పండనివ్వరు, విమర్శకులకి అట్లాంటివి ఇష్టం. ఎత్తు 175 సెంటీమీటర్లే, అందులో రాజీ లేదు. మా జనానికి అందదని ఎవరో అంటే, అందకపోవడమే కదా కళ అని కార్యదర్శి నోరు మూయించాడు. పండు కుళ్ళితే నష్టం లేదు, ఇంకోటి అంటిస్తాం. వరదొచ్చి తోటంతా పోయినా నష్టం లేదు, కాగితం అటకమీద భద్రంగా ఉంటుంది. ధ్రువపత్రం మీద సంతకం కౌలుదారుదే, భూమిగలాయనది కాదు. ఈ ఒక్క నిబంధన దగ్గర మీటింగులో పెద్ద గొడవైంది, భూములున్న సభ్యులు ఇద్దరు టీ తాగకుండా లేచిపోయారు. వీఐపీలు మొదటి రోజు రావచ్చు, కాకపోతే పడవ మీద లంకకి పోయి గెల భుజాన మోసుకొచ్చినవాడికే ఆ కార్డు. ఇప్పటిదాకా ఎవరూ దరఖాస్తు పెట్టుకోలేదు.

కొనుగోలుదారులకి ఇబ్బంది లేకుండా లెక్కలు చూసిపెట్టమని తెనాలిలో ఒక ఆడిటరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని కాగితాలు తిరగేశాడు.

"తాజా పండుకి జీఎస్టీ సున్నా" అన్నాడు. "టేపుకి పద్దెనిమిది శాతం. కళాఖండానికి నిన్నమొన్నటిదాకా పన్నెండు, 2025 సెప్టెంబరు నుంచి అయిదు. ఇంతకీ మీరమ్మేది ఏంది?"

"పండు అంటించిన కళండీ" అన్నాడు మా కార్యదర్శి.

"కొన్నాయన తింటే?"

"తింటే కూడా కళేనండీ, న్యూయార్కులో అట్లాగే చేశారు."

"అయితే హోటలు రేటు పడుద్దేమో చూడాల" అని ఆయన ఇంకో పుస్తకం తీశాడు. మేం తీసుకెళ్ళిన చక్కెరకేళి అత్తం బల్ల మీదే ఉంది. అందులోంచి ఒకటి తుంచుకుని, తొక్క తీసి, నములుతూనే అన్నాడు, "ముందు ఇది పండో కాదో ఉద్యాన శాఖ దగ్గర కాగితం రాయించుకు రండి. బొమ్మో కాదో సాంస్కృతిక శాఖ దగ్గర ఇంకో కాగితం. రెండూ వచ్చాక చూద్దాం. ఈలోపల మగ్గిపోయిందంటే నా పూచీ లేదు. పైగా నా ఫీజు వేరే."